పెద్దమ్మ ఇంటికి టూరిస్టు వీసా

మా అమ్మ రంగూన్‌లో పుట్టింది. తాతయ్య అక్కడి బియ్యం మిల్లులో పనిచేసేవాడు. అమ్మకు తొమ్మిదేళ్లప్పుడు అక్కడి ప్రభుత్వం మనవాళ్లను పంపేసింది. ఓడ ఎక్కి విశాఖపట్నంలో దిగి, కళింగపట్నం దగ్గర సొంత ఊరికి వచ్చేశారు. పెద్దమ్మ రాలేదు. ఆమెకు అప్పటికే పద్దెనిమిదేళ్లు, పెళ్లయింది, కడుపుతో ఉంది. ఆమె భర్త కూడా మన తెలుగువాడే కానీ, అక్కడే పుట్టి, అక్కడి కాగితాలున్నవాడు. కొన్నేళ్లు ఉత్తరాలు నడిచాయి. తర్వాత ఆగిపోయాయి.

మూడేళ్ల క్రితం మా చర్చికి వచ్చిన ఒక పెద్దాయన రంగూన్‌లో తెలుగు బాప్తిస్టుల చర్చి చూసివచ్చానని చెప్పాడు. అమ్మ ఆయన్ను పట్టుకుని వదల్లేదు. ఆయన ద్వారానే పెద్దమ్మ కొడుకు నంబరు దొరికింది. అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు ఫోన్లో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. మాటలు తక్కువ. ఏం వండావంటే నువ్వేం వండావని అడిగేవారు. పెద్దమ్మ తెలుగు మా ముసలమ్మల తెలుగే, ఒక్క మాట మారలేదు.

పోయిన ఏడాది వర్షాకాలంలో ఆ పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, నాకు విడిగా ఫోన్ చేశాడు. పెద్దమ్మకు కాలేయం పాడైందని, డాక్టర్లు ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నారని చెప్పాడు.

"పిన్నిని ఒక్కసారి సూడాలంటంది. తేగలవేటి చెల్లీ?"

తీసుకొస్తానన్నాను. అమ్మకు, నాకు పాస్‌పోర్టులు చేతికి వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. నేను చీపురుపల్లి ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఇక దసరా సెలవులు దాటితే సంక్రాంతి దాకా నాకు అన్ని రోజులు దొరకవు. ఆ సెలవులే మనసులో పెట్టుకుని విజయనగరంలో వీసాలు చేయించే ఆయన దగ్గరికి వెళ్లాను.

ఆయన మంచివాడు. నన్ను మోసం చేయలేదు. అన్నీ చెప్పాడు.

"రెండు రకాలున్నాయి మేడమ్. టూరిస్టుదైతే ఆన్‌లైన్లో నాలుగైదు రోజుల్లో వచ్చేస్తాది. రెండోది సొంతోళ్లని సూడ్డానికిచ్చేది. దానికి అక్కడోళ్లు ఉత్తరం రాయాల, ఆళ్ల వార్డు ఆఫీసులో సంతకం కావాల, ఆ కాయితాలట్టుకుని మీరు కలకత్తా వెళ్లాల. నెల పైనే పట్టేస్తాది."

"రెండింటికీ తేడా ఏంటండీ? ఎలా వెళ్లినా చూసేది ఆవిడనే కదా?"

"సూడ్డానికైతే తేడా నేదు. ఉండడానికే. టూరిస్టుకి హోటల్ బుకింగు సూపించాల."

బుకింగ్ అంటే కాగితం అనుకున్నాను. ఒక హోటల్ బుక్ చేసి, అక్కడ దిగాక రద్దు చేసుకుందామని లెక్క వేసుకున్నాను. అమ్మను బయట కుర్చీలో కూర్చోబెట్టి లోపల నేనొక్కదాన్నే నిర్ణయం తీసుకున్నాను. బయటికి వచ్చి, "ఐదు రోజుల్లో వీసా వచ్చేస్తుందమ్మా" అంటే ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

విజయనగరంలో రైలెక్కి హౌరా, అక్కణ్ణుంచి విమానం. అమ్మ సంచిలో ఎండు చేపలు, పలాస జీడిపప్పు, కీర్తనల పుస్తకం, పెద్దమ్మ కోసం కొన్న రెండు నేత చీరలు ఉన్నాయి. అక్క పక్కన వేసుకు పడుకోవడానికని ఒక దుప్పటి కూడా పెట్టుకుంది. అక్కడ దుప్పట్లు ఉండవా అంటే, "మన దుప్పటి ఉండదు గదా" అంది.

పెద్దమ్మ ఇల్లు నది అవతల ఒడ్డున పేటలో ఉంది. పడవలో దాటాలి. సన్నటి సందులో చెక్క ఇల్లు, ముందు గదిలో మంచం. మంచం మీద పెద్దమ్మ పసుపుపచ్చగా, కడుపు ఒక్కటే ఉబ్బి, మిగతా మనిషంతా ఎముకలై ఉంది. ఫోన్లో ముఖమే కనిపించేది. ఆ కడుపు సంగతి మాకు తెలీదు.

అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. పెద్దమ్మ తల తిప్పి చూసి, "వచ్చినావేటే" అంది. అంతే. అమ్మ వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుని, "వచ్చినానప్పా" అంది. పెద్దమ్మ వేళ్లు అమ్మ తలలో నెరిసిన వెంట్రుకల మీద తిరుగుతూనే ఉన్నాయి. ఆమె చివరిసారి చూసినప్పుడు ఆ తలకి రెండు జడలు ఉండేవట.

సాయంత్రం అన్నయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు. చెప్పడానికి ఆయనకు సిగ్గుగా ఉంది.

"చెల్లీ, మీరు రాత్రి ఇక్కడుండకూడదు. ఎవురింట్లో ఎవురు పడుకున్నారో వార్డులో రాయించాల ఇక్కడ. టూరిస్టు వీసా వాళ్లకి హోటలే. ఉన్నట్టుండి తనిఖీకొస్తారు. దొరికితే మా అందరికీ ఇబ్బందవుతాది."

"సొంత చెల్లెలని చెప్తే ఒప్పుకోరా?"

"నిన్నే ఎల్లి అడిగినాను. చెల్లెలైతే చెల్లెలి వీసా మీద రావాల అన్నాడు వార్డు ఆఫీసాయన."

ఆ సంగతి అమ్మకు నేనే చెప్పాలి. చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. "ఒక్క మూల సాలు నాకు. ఎవులికి కనపడతాను?" అంది. మళ్లీ చెప్పాను. చీకటి పడేలోపు చివరి పడవ. అమ్మ లేచి, దుప్పటి పెద్దమ్మ కాళ్ల మీద కప్పి నా వెంట వచ్చింది.

అలా ఎనిమిది రోజులు. పొద్దున్నే మొదటి పడవకు వెళ్లేవాళ్లం. అమ్మ అక్క ఒళ్లు తుడిచి, గంజి తాగించి, కీర్తనలు పాడేది. మధ్యాహ్నం మూడు దాటిందంటే పెద్దమ్మ కళ్లు గుమ్మం వైపు తిరిగేవి. "ఎల్లిపోతావేటే?" అని అడిగేది. మతి సరిగా లేని రోజుల్లో అదే మాట పదిసార్లు అడిగేది. ఓడ ఎక్కుతున్నామనుకునేదేమో, "నాయిన్ని సెప్పి రమ్మను, సెప్పకుండా ఎల్లొద్దు" అనేది ఒక్కోసారి. ఆమెకు నొప్పి ఎక్కువయ్యేది రాత్రిళ్లేనని వదిన చెప్పింది. రాత్రంతా చెల్లెల్ని పిలుస్తుందట. మేము నదికి ఇవతల హోటల్లో ఏసీ గదిలో ఉండేవాళ్లం. అమ్మ మంచం మీద కూర్చుని కిటికీ వైపు చూస్తూ ఉండేది.

ఆరో రోజు నేను విజయనగరం ఆయనకు ఫోన్ చేశాను. ఇక్కడే వీసా మార్పించుకోవచ్చా అని అడిగాను.

"టూరిస్టుది అక్కడికెళ్లాక మార్చరు మేడమ్. బయటికొచ్చి మళ్లీ అప్లై చెయ్యాల్సిందే. అప్పుడు నెల ఆగుంటే, అమ్మగారిని ఆళ్లింట్లోనే వదిలేసి మీరు వచ్చేసుందురు."

ఆయన దెప్పాలని అనలేదు. ఉన్నమాట అన్నాడు.

మా వీసా ఇరవై ఎనిమిది రోజులది. నా సెలవులు అయిపోతున్నాయి. స్కూలుకు ఫోన్ చేసి ఇంకో పది రోజులు అడిగాను. పరీక్షల ముందు కుదరదు, రాకపోతే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. అమ్మను ఒక్కదాన్నే హోటల్లో వదల్లేను. భాష రాదు, షుగరు ఉంది, పడవ ఎక్కాలంటే చెయ్యి పట్టుకోవాలి. అన్నయ్య వాళ్ల ఇంట్లో పెద్దమ్మకు చేయడానికే మనుషులు చాలడం లేదు.

"నన్నిక్కడే వదిలెయ్యే. ఏటైతే అదే అవుతాది" అంది అమ్మ.

"నీకేం కాదమ్మా. వాళ్లకవుతుంది. అన్నయ్యను స్టేషన్‌కి తీసుకెళ్తే?"

"మరి ఇలాంటి కాయితం మీద నన్నెందుకు తెచ్చినావు?"

తొమ్మిదో రోజు పొద్దున వెళ్లి చెప్పి వచ్చేశాం. పెద్దమ్మ మత్తులో ఉంది. అమ్మ చెవి దగ్గర వంగి, "అప్పా, ఎల్లొస్తాను" అంది. ఆమె కళ్లు తెరవలేదు. ఆ మాట విందో లేదో మాకు తెలీదు.

మేము రంగూన్‌లో దిగిన రోజు నుంచి ఇరవయ్యో రోజున పెద్దమ్మ పోయింది. తెల్లవారుజామున, వదిన తప్ప పక్కన ఎవరూ లేరు. అమ్మ వీసాకు అప్పటికింకా ఎనిమిది రోజుల గడువు ఉంది.

భూస్థాపన ఫోన్లో చూశాం. వదిన చర్చిలో ఫోన్ పైకెత్తి పట్టుకుంది. అక్కడ తెలుగు కీర్తన మొదలుపెట్టగానే మా వరండాలో అమ్మ లేచి నిలబడి తనూ పాడింది. శబ్దం ఆలస్యంగా రావడం వల్ల అక్కడ చరణం అయిపోయాక కూడా ఇక్కడ అమ్మ ఇంకా పాడుతూనే ఉండేది. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసేసరికి మట్టి కప్పేశారు.

నెల రోజులు అమ్మ నాతో పొడిపొడిగానే మాట్లాడింది. ఒక సాయంత్రం బియ్యం చెరుగుతుంటే నేనే కదిపాను. తొందరపడ్డానమ్మా అన్నాను. నెల ఆగితే ఆమె దక్కుతుందో లేదోనని భయపడ్డానన్నాను. అది సగమే నిజం. సెలవుల మాట చెప్పలేకపోయాను. అది ఆమెకు తెలుసు.

అమ్మ చేట ఆపలేదు. "నువ్వు కావాలని సేసినావని నానన్నేదు. రెండు దార్లున్నాయని నాకు సెప్పనేదు నువ్వు. సెప్పుంటే నెల్రోజులాగుదును. అరవయ్యేళ్లు ఆగినాను గదా" అంది.

తర్వాత లేచి, బియ్యం డబ్బాలో పోసి, లైటు వేసింది. ఇప్పుడు మామూలుగానే ఉంటుంది. ఆదివారం అన్నయ్య ఫోన్ చేస్తే మాత్రం తీసుకోదు, నాకే ఇస్తుంది. చర్చిలో ఎవరైనా రంగూన్ ఎలా ఉందని అడిగితే, "సూసొచ్చినాం" అంటుంది.