వంతెన దిగువ రేవు

మా ఆడపడుచు మీద నాకున్నంత కుళ్లు లోకంలో ఇంకెవరి మీదా లేదు. ఎవరో చెప్పగా తెలియడం ఎందుకని నేనే ముందుగా చెప్పేస్తున్నాను. ఆవిడ మా ఆయనకి అక్క. ఈ ఊళ్లో పుట్టి, హైవే వంతెనకి ఎగువనున్న ఊరికి కోడలుగా వెళ్లింది. నా పుట్టిల్లు తుళ్లూరు వైపు. నేను వచ్చి పడింది వంతెనకి దిగువనున్న ఈ ఊళ్లో. రెండు ఊళ్లకీ ఏరు ఒకటే.

మా రేవుకి ఒక పేరుండేది. చుట్టుపక్కల ఏ చర్చిలో బాప్తిస్మాలున్నా మా రేవుకే వచ్చేవారు. ఇసుక మెత్తగా ఉండేది, నీళ్లు నడుం లోతున నిలకడగా పారేవి. పాస్టరుగారు ముంచి లేపాక ఆడవాళ్లకి తోడు ఒక మనిషి కావాలి. తడిసిన తెల్లచీర కాళ్లకి చుట్టుకుంటుంది, ముక్కులోకి నీళ్లు పోతాయి, గట్టు ఎటుందో తెలియదు. అప్పుడు మోచెయ్యి పట్టుకుని, పైట సర్ది, ఒడ్డుకి నడిపించాలి. ఆ పని మా అత్తగారిది. మోకాళ్లు పట్టేశాక ఆవిడ కన్నకూతుర్ని కాదని నన్ను నీళ్లలోకి పిలిచింది.

"అది పై ఊరిదైపోయిందే. రేవు ఈ ఊరిది. నువ్వు దిగు" అంది.

ఆ రోజు గట్టు మీద నిలబడ్డ మా ఆడపడుచు ముఖం మాడిన పెనంలా ఉంది. నాకేమో పాయసం తాగినంత హాయిగా ఉంది. ఏడాది పొడుగునా నేను మిరపకోత కూలీనే. ఆ ఒక్క పూట మాత్రం ఎంత చదువుకున్న పిల్లయినా, టీచరమ్మయినా నా చెయ్యి పట్టుకోనిదే గట్టెక్కేది కాదు. అత్తగారు పోయాక కూడా ఆ చోటు నాదే. నా కూతురికి కూడా అక్కడే, నా చేత్తోనే అని ఎప్పుడో అనుకున్నాను. వచ్చే ఈస్టరుకని పాస్టరుగారితో మాట కూడా అయింది.

కోతలు జోరుగా సాగుతుండగా ట్యాంకరు పడింది. మేం చేలో ఉన్నాం. మిరప ఘాటుకి ముక్కుకి గుడ్డ కట్టుకున్నా వేరే వాసన తగిలింది. వంతెన మీద నుంచి డీజిలు లారీ పడిందని ఎవరో అరిచారు. సగం ఊరు క్యాన్లూ బిందెలూ పట్టుకుని పరిగెత్తింది, మా ఆయనతో సహా. తీరా చూస్తే అది డీజిలు కాదు, ఫ్యాక్టరీల బాయిలర్లలో మండించే నల్లనూనె. ఒంటినిండా నలుపు పూసుకుని ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చారు.

"డ్రైవరుకేం కాలేదంట. మన ఏరే పోయింది" అన్నాడు మా ఆయన, గుమ్మం బయటే నిలబడి.

ట్యాంకరు పడింది వంతెనకి దిగువ వైపు. ఎగువ వైపుకి పడకూడదా అని నేను గొణిగితే మా అమ్మాయి నవ్వింది. "ఎటు పడినా మన వైపుకే వచ్చేది కదమ్మా, ఏరు కిందికే పారుద్ది" అంది. ఆ మాత్రం నాకు తెలియదా! ఆవిడ ఊరు ఎగువన ఎందుకుండాలన్నదే నా బాధ.

మర్నాడు జిన్నింగు మిల్లుల నుంచి పనికిరాని పత్తి లారీల్లో తెచ్చి ఏట్లో పోశారు. పత్తి నూనెని పీల్చుకుంటుందట. తెల్లగా పోసింది చూస్తుండగానే నల్లబడింది. దాన్ని బయటికి లాగడానికి మమ్మల్నే కూలికి పిలిచారు. చేలో తెల్లగా తీసే పత్తిని ఏట్లో నల్లగా తీశాం. చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. రెక్కలు అతుక్కుపోయిన కొంగ ఒకటి రెల్లులో రోజంతా కూర్చుని, మేం దగ్గరికి వెళ్లినా ఎగరలేకపోయింది. గేదెలు నీళ్లదాకా వచ్చి, మూతి ఆనించి, వెనక్కి తిరిగేవి. ఏటి మోటార్ల కింద ఉన్న మిరపతోటలు ఆకు మాడాయి. రేవు పక్క బోరు నీళ్లు కాచి చల్లార్చినా అదే వాసన.

ఇంత జరుగుతుంటే మా ఆడపడుచు ఫోన్ చేసింది. "ఇక్కడ పిల్లలు ఈత కొడతన్నారమ్మాయ్, నీళ్లు అద్దంలా ఉన్నాయి. మీకెంత కష్టమొచ్చిందే" అంది. జాలిపడుతోందో, చురక పెడుతోందో నాకు అర్థం కాలేదు. చురకే అని తేల్చుకున్నాను. సాయంత్రానికి ఏటి చేపలు పంపించింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఆ చేపల పులుసు నిజంగానే రుచి అయి ఉంటుంది. మా ఆయన మళ్లీ మళ్లీ అన్నం పెట్టించుకున్నాడు. నేను గోంగూర పచ్చడితో తినేసి లేచాను.

ఈస్టరు దగ్గరపడ్డాక పాస్టరుగారు బాప్తిస్మాలు ఎగువ రేవులో పెడదామన్నారు. పొరుగువాళ్ల ఎద్దునీ గాడిదనీ ఆశించకూడదన్న బైబిలు ఆజ్ఞ ఆయన ఎన్నోసార్లు చెప్పారు. రేవు మాట ఎత్తలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"మన ఏరు తేటపడిందండి అయ్యగారూ. ఆఫీసర్లు కూడా సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లి బాగానే ఉన్నాయన్నారండి" అన్నాను.

"నీళ్లలో నిలబడేది నువ్వే కదమ్మా. నువ్వు దిగి చూసి బాగుందంటే అక్కడే పెడదాం" అన్నారు.

తెల్లారగానే వెళ్లాను. నీళ్లు నిజంగానే తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు కనపడుతున్నాయి. చూశావా వదినా అని ఎగువకి తిరిగి పైకే అన్నాను. చీర దోపుకుని ఎప్పుడూ నిలబడే చోటుకి నడిచాను. అడుగు పడగానే మడమ కింద ఇసుక జిగటగా దిగింది. కాలి పక్క నుంచి నల్లటి చారలు పైకి లేచాయి. నీటి మీద రంగురంగులుగా విచ్చుకుని నా చుట్టూ చేరాయి. పక్కకి జరిగాను, అక్కడా అంతే. మేం పత్తితో తీసింది పైపైదే. మిగిలిందంతా ఇసుకలోకి దిగి కూర్చుంది.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. కదలకుండా నిలబడితే మళ్లీ తేటపడుతోంది. మంచి ఇసుక తెప్పించి పోయిస్తే? పిల్లల్ని మెల్లగా నడిపిస్తే? ఎవరూ చూడలేదు, బాగుందనేస్తే ఎవరు కాదంటారు? ఆ నీళ్లలోకి నా కూతుర్ని వెనక్కి వాల్చడం, పైకి లేస్తూ అది నోరు తెరిచి గాలి పీల్చుకోవడం కళ్లకి కట్టింది. అప్పటికి నా చీర కుచ్చిళ్లు నల్లబడ్డాయి.

"బాలేదండి" అన్నాను పాస్టరుగారితో. ఆయన నా చీర వంక చూసి, ఎగువ రేవుకే ఖాయం చేశారు.

ఈస్టరు పొద్దున ఎగువ రేవులో అందరం చేరాం. అక్కడ ఇసుక గరుకు, దిగుడు వాలు, ఒక పక్కంతా రాళ్లు. వంక పెట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని గట్టంతా కలియజూశాను. మా ఆడపడుచు చీర దోపుకుని, ఎన్నాళ్లనుంచో అలవాటున్న దానిలా నీళ్లలో నిలబడింది. ఒక్కొక్కరినీ పట్టి నడిపించింది. నా కూతురి వంతు రాగానే నన్ను కేకేసింది.

"అమ్మాయ్, నువ్వు దా. నీ బిడ్డే కదా, నువ్వే పట్టుకో."

కాళ్లు ముందుకు లాగుతున్నాయి. నోరు మాత్రం నా మాట వినలేదు. "రేవు మీది వదినా. నువ్వే దిగావుగా, నువ్వే పట్టుకో" అన్నాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. ఆవిడ ముఖంలో గెలిచిన కళ ఉంటుందేమోనని వెతికాను. ఉంటే నాకు కాస్త బాగుండేది. ఆవిడ కళ్లు తుడుచుకుని నా కూతురి వైపు తిరిగింది.

పాస్టరుగారు ముంచి లేపారు. కళ్లు మూసుకునే నా కూతురు "అమ్మా" అంటూ చెయ్యి చాపింది. దానికి అందింది వాళ్ల మేనత్త మోచెయ్యి. ఆవిడ పైట సర్ది, రాళ్లు తప్పించి, ఒడ్డుకి తెచ్చి నాకు అప్పగించింది. తువ్వాలు కప్పి దగ్గరికి తీసుకున్నాను. జుట్టులో ముక్కు పెట్టి వాసన చూశాను. ఏ నూనె వాసనా లేదు. మా రేవు నీళ్లకి ఇదివరకుండే వాసనే వచ్చింది. చీర అంచు పట్టుకుని చుట్టూ తిప్పి చూశాను. ఎక్కడా మచ్చ లేదు. అంత తెల్లటి చీరలో బిడ్డని చూస్తే ఏ తల్లికైనా కడుపు నిండుతుంది. నాకు మండిపోయింది.