గనిలోకి దిగని వీరుడు

సుబ్బరాయ గని ఆఫీసులో గుమాస్తా. చాంపియన్ రీఫ్స్ అనే ఆ బంగారు గని లోపల బండ పేలి మనుషులు చచ్చిన నాడు, ఈయన కడుపునొప్పని ఇంట్లో ముసుగుదన్ని గంజి తాగినాడు. తర్వాత గనులు సర్కారు చేతికొచ్చినాయి. దొరలు పోయినారు, నిజం తెలిసినవాళ్లు తలో దిక్కూ అయినారు. ఇంగ ఆ గంజి కాస్తా వీరగాథయింది. ఇంటికెవరొచ్చినా, తాను గని షాఫ్టులోకి దిగి మనుషుల్ని భుజాన మోసుకొచ్చినట్టు చెప్పేవాడు. ఆ భుజం బియ్యం మూట కూడా ఎరగదని భార్య జలజకు తెలుసు.

జలజ బడిపంతులు కూతురు. లైబ్రరీ నుంచి పత్రికలు తెచ్చుకుని కథలు చదివేది. చదివేకొద్దీ మొగుడి మీద ఏవగింపు ముదిరింది. కథల్లో అబద్ధాలకోరులకు కాస్త తెలివన్నా ఉంటుంది, ఈయనకు అదీ లేదు.

కసికొద్దీ ఒకనాడు తానే కథ రాసింది. పేరు మార్చి, గంజితో సహా ఆయన్నే దించింది. సాయంత్రం ఆయనకే చదివి వినిపించింది.

సుబ్బరాయ పడీ పడీ నవ్వినాడు. "థూ! ఎవుడే ఈ పిరికి సన్నాసి? మా ఆఫీసులో ఉండారు ఇట్లాంటోళ్లు! అది సరే, వాడు అన్ని కోతలు కోస్తా ఉంటే ఆ పెండ్లాం ఏం చేస్తా ఉండె?"

ఇంతటి మొద్దును దేవుడు తీరిగ్గా కూర్చుని చేసుంటాడనుకుంది జలజ. కానీ ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. తన కథలో పెండ్లాం వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి లోపలికి పోతుంది, అంతే. ఆమె సంగతి రాయబోతే అప్పుడు తెలిసొచ్చింది. ఆయన చెప్పిన ప్రతిసారీ, "అవును, ఆ పొద్దు ఒళ్లంతా దుమ్ముతో వచ్చినారు" అని అతుకు వేసింది తానే. కొళాయి కాడ గని కూలోళ్ల లైను ఇండ్ల ఆడవాళ్లు, మనోళ్లను మోసిన ఆయప్ప పెండ్లామని ఆమె బిందెను ముందుకు జరిపేవాళ్లు. ఆ పేలుడులో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆదిలక్ష్మమ్మ కూడా జరిపేది.

ఇన్నేళ్లూ మొగుడి మీద ఉమ్మిందంతా తన మొహానే పడింది.

మర్నాడు ఆదిలక్ష్మమ్మ ఇంటికి పోయి, ఇది మా ఇంటి కథేనని చెప్పి, పెండ్లాం సంగతి కూడా కలిపి అంతా చదివింది. ఆమె చాటలో రాగులు చెరుగుతూ విన్నది.

"అయితే ఆయప్ప దిగనే లేదా?"

"లేదమ్మా."

"మా ఇంటోణ్ణి కూడా మోసుంటాడనుకుంటిని." ఆదిలక్ష్మమ్మ చాట పక్కన పెట్టింది. "నువ్వు రాసిందంతా మీ మొగుడూ పెండ్లాల గోలే. చచ్చినోడు యాడుండాడు దీంట్లో? పేరన్నా రాయలేదే?"

ఆ మాటలోని చీదర జలజకు న్యాయంగానే తోచింది. "చెప్పమ్మా, రాస్తాను."

"చిన్నవెంకటప్ప. రాగిముద్ద చల్లారితే తినే తట్ట నెట్టేసేవాడు. అదీ రాయి. చచ్చినాడని దేవుణ్ణి చెయ్యొద్దు."

జలజ కాగితం తిప్పి వెనక వైపు రాయసాగింది. ఆదిలక్ష్మమ్మ చెప్తూనే ఉంది. ఆ పూట సుబ్బరాయ తన ఉప్మా తానే చేసుకున్నాడు. అదీ ఉండలు కట్టింది.