కొసన మిగిలిన గోరు

మా అత్తగారి వైపు ఎవరింట్లో పెళ్ళి కుదిరినా సకినాల పిండికి మొదటి కబురు నాకే వచ్చేది. నా చదువు ఏడో తరగతితో ఆగింది. నలుగురిలో మాట్లాడటం రాదు. తడి బియ్యప్పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నగా మెలితిప్పుతూ, బట్ట మీద చుట్టు చుట్టూ చుట్టు వేయడం ఒక్కటే వచ్చు. నా సకినం తెగదు.

మా ఆయన రాఘవేందర్ చిక్కడపల్లిలో, లైబ్రరీకి దగ్గర్లో, జిరాక్సు బైండింగు దుకాణం నడిపేవారు. అశోక్ నగర్‌లో గదులు తీసుకుని పరీక్షలకు చదివే పిల్లలు అక్కడికే వచ్చేవారు. నేను సకినాలు చేసినప్పుడల్లా ఓ డబ్బా పట్టుకుపోయి, "మా ఇంటామె చేతివి. జర చూడుండ్రి, కంపాస్ పెట్టి గీసినట్టు లేవూ?" అనేవారట. ఇంట్లో నాతో మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆయన పోయాక పలకరించడానికి వచ్చిన ఓ అబ్బాయి చెబితే తెలిసింది.

పక్షవాతం వచ్చి ఆయన చాలాకాలం మంచంలోనే ఉన్నారు. అన్నాళ్ళూ నా చేతులు నీళ్ళలోనే ఉన్నాయి. దుప్పట్లు, గుడ్డలు, బేసిన్లు. బ్లీచింగ్ నీళ్ళ బకెట్ ఎప్పుడూ బాత్రూంలో నిండుగా ఉండేది. ముందు గోళ్ళ నిగారింపు పోయింది. తర్వాత ఉల్లిపొరల్లా లేవడం మొదలైంది. ఆ తర్వాత గోరు కింద కండను వదిలేసి పైకి తేలింది. కొన్ని తెల్లగా, కొన్ని పసుపుగా, కుడి బొటనవేలిది ఓ మూల ఆకుపచ్చగా. నేను పట్టించుకోలేదు. ఒకరోజు అన్నం పెడుతుంటే ఆయన పనిచేసే చేత్తో నా బొటనవేలు పట్టుకున్నారు. దాన్నే చూశారు. మాట స్పష్టంగా రాదు కదా, మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. ఆనాటి నుంచి చెంచాతో పెట్టాను.

ఆయన పోయిన పదోరోజున అందరి కళ్ళూ నా చేతుల మీదే. గాజులు తీస్తున్నారు. నేను పిడికిళ్ళు బిగించాను. చుట్టాలు దుఃఖమనుకుని భుజం పట్టుకున్నారు. నేను దాచుకున్నది గోళ్ళను. అలాంటి రోజున కూడా గోళ్ళు గుర్తొచ్చినందుకు ఎక్కడన్నా దూరిపోవాలనిపించింది.

తర్వాత మా అమ్మాయి అనూహ్య చూసింది. నారాయణగూడలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ గోరు ముక్క తీసి పరీక్షకు పంపించారు.

"ఫంగస్ లేదండీ. ఎవరికీ అంటుకోదు. ఎప్పుడూ నీళ్ళలో నాని నాని గోరు లేచిపోయింది, అంతే."

"మందు?"

"చేతులు పొడిగా ఉంచుకోవడమే మందు. పనికి గ్లౌజులు వేసుకోండి, లోపల నూలువి. లేచిన గోరు ఎప్పటికప్పుడు కత్తిరించేయండి. కింద పుల్లలతో గోకొద్దు. పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకోండి. రంగులు కొన్నాళ్ళు వద్దు. గోటి మొదలు నుంచి కొత్త గోరు రావాలి, ఓ ఆర్నెల్లు ఓపిక పట్టండి."

పొడిగా ఉంచుకోవడానికి నేను కష్టపడింది ఏమీ లేదు. ఉతకడానికీ కడగడానికీ ఇంట్లో ఇంకేముంది? బ్లీచింగ్ బకెట్ బోర్లించి పెట్టాను. చేతులు వాటంతట అవే ఆరిపోయాయి.

కొన్ని నెలలకు గోళ్ళ మొదళ్ళలో గులాబీరంగు కొత్త గోరు కనిపించింది. అనూహ్య సంబరపడి ఫోటో తీసింది. ఒక పొద్దున కిటికీ దగ్గర కూర్చుని చూసుకుంటే, కొత్త గోరుకూ పాత గోరుకూ మధ్య సన్నని గీత ఉంది. ఆ గీతకు కిందిదంతా ఆయన పోయాక వచ్చింది. పైన పసుపురంగులో ఉన్నది ఆయన ఉండగా వచ్చింది. ఆయన పోయాకే నాకు మంచి గోరు మొలిచింది. దాన్ని చూసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

మిగతా వేళ్ళవి అప్పటికే కత్తిరించేశాను. కుడి బొటనవేలికీ చూపుడువేలికీ ఉన్న కొసలు మాత్రం ఉంచేశాను.

"మమ్మీ, కట్ చెయ్యమన్నది కద డాక్టర్?"

"ఇయ్యాల మంగళారం."

"మొన్న?"

"శుక్రారం."

"నడుమల ఆదివారం వచ్చింది కద?"

"అమాస ఉండె."

"నీకు వారానికో అమాస వస్తదా మమ్మీ?" అని నవ్వింది. నేను చేతులు కొంగులో పెట్టుకున్నాను.

అలా ఉండగా మా యారాలు, అంటే తోడికోడలు, భూదేవక్క వచ్చింది. వాళ్ళది అశోక్ నగర్. వాళ్ళమ్మాయి రచన పెళ్ళి.

"సకినాలకు నువ్వు రావాలె ప్రభా. సాలు గూడ చేసినం, ఇగ సాకులు చెప్పకు. నువ్వు కూసోకుంటె మా చేతులల్ల పిండి నిలవది."

సాలు అంటే ఏడాది. ఇంట్లో పెళ్ళి ఉందని ఏడాది కార్యం ముందుగానే చేసేశారు, ఇక శుభానికి రావచ్చని ఆమె మాట. నా బెంగ అది కాదు. పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళంతా ఓ బట్ట చుట్టూ కూర్చుని ఒకరి వేళ్ళు ఒకరు చూసుకునే పని అది. ఈ వేళ్ళు పెట్టిన పిండి ఎవరు తింటారు?

నారాయణగూడలో ఓ లేడీస్ ఎంపోరియంకి ఒంటరిగా వెళ్ళాను. గోళ్ళ రంగు సీసాల ముందు ఊరికే నిలబడ్డాను. అక్కడి అమ్మాయే అడిగింది.

"ఏ కలర్ అక్కా? మెరూన్ చూపియ్యాల్నా?"

"రంగు కనబడనిది."

"గ్లాసు లెక్కదా? అండ్ల గోరు కనబడ్తది."

"గోరు రంగుది ఉంటదా?"

"గోరు రంగంటే... ఎవ్వల గోరక్కా?" అని నవ్వుతూ తలెత్తింది. నా బోసి నుదురు చూసి నవ్వు ఆపేసింది. ముందర పరిచిన ఎర్రసీసాలను చప్పుడు కాకుండా లోపలికి తీసుకుంది. నేనేదో దొంగతనం చేసినట్టు బయటికొచ్చేశాను. మొగుడు పోయినదానికి గోళ్ళకు రంగేమిటి అంటారు. రంగు లేకపోతే రోగమేమిటి అంటారు. ఇక దాచుకోవడానికి కొంగు ఒక్కటే మిగిలింది.

సకినాల రోజు అశోక్ నగర్ ఇంటి మేడమీద టెంటు కింద తెల్లబట్ట పరిచారు. పసుపు కుంకుమ పెట్టిన పిండి గౌరమ్మను మధ్యలో నిలిపారు. పిండిలో నువ్వులూ ఓమ వాసన. పొరుగువాళ్ళూ చుట్టాలూ చుట్టూ కూర్చున్నారు. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. పక్కనే మా అత్తగారి చెల్లెలు మాసమ్మ, పిల్లలంతా బాపమ్మ అంటారు, కళ్ళు సరిగా కనబడవు, ఓ మూల కూర్చుని నువ్వులు చెరుగుతోంది.

"చిన్నత్తా, నేను నూనెల గోలిస్త. పొయ్యి కాడ కూసుంట," అన్నాను మెల్లగా.

"సరే బిడ్డా, నువ్వు పొయ్యి కాడనే కూసో," అంది ఆమె గట్టిగా. చెవులు కూడా అంతంతమాత్రమే కాబట్టి ఆమె మాట ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది.

అప్పుడే మెట్లెక్కి వస్తున్న రచనకు ఆ ఒక్క మాటే వినబడింది.

"బాపమ్మా! ఏ కాలంల ఉన్నవ్ నువ్వు? బాబాయ్ పోయిండని చిన్నమ్మను పొయ్యి కాడికి తోలుతవా? నా పెండ్లికి ఇట్లాంటియి నడవయి!"

చేతులన్నీ ఆగిపోయాయి.

"నేనేమన్ననే?" అంది మాసమ్మ.

"నేను విన్న గద! మమ్మీ, నువ్వు విన్నవా లేదా?"

భూదేవక్క లేచొచ్చింది. "అత్తా, ఎందుకన్నవ్ గట్ల? దాన్ని నేనే పిలుచుకొచ్చిన. మేమట్లాంటోళ్ళమా?" అంటూ కళ్ళొత్తుకుంది. బట్ట చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాట అందుకున్నారు. ఇప్పుడెవరు పాటిస్తున్నారమ్మా అని ఒకరు, పెద్దవాళ్ళు మారరులే అని ఇంకొకరు. అందరికీ నా మీద ఎంత దయ కలిగిందో! ఆ దయంతా ముసలామె మీద కోపమై పడుతోంది.

మాసమ్మ చేట కింద పెట్టింది.

"నాకు ముప్పై ఏండ్లప్పుడు, మా ఆయన పోయిండని, ఇట్లనే నన్ను పిండి కాడికెల్లి లేపిండ్రు. లేపిన చెయ్యి ఎవ్వలదో నాకు ఇప్పటికీ యాదికున్నది. నేను ఇంకొకదాన్ని లేపుతనా?" అంది. ఈసారి గొంతు పెద్దగా లేదు.

నేను నోరు మూసుకుని ఉంటే నా గోళ్ళు దాగుతాయి. ఆమెకు మాత్రం ఆ మాట చచ్చేదాకా మిగిలిపోతుంది.

"చిన్నత్త ఏం అనలే. నేనే అడిగిన. నా గోర్లు మంచిగ లేవు," అని కొంగులోంచి చేతులు బయటికి తీశాను.

అంత ఎండలో, అంతమంది ముందు. పిండి గిన్నె దగ్గరున్న ఒకావిడ గిన్నెను కొంచెం తనవైపు జరుపుకుంది. కావాలని కాదు, చేయి అలా వెళ్ళింది. నేను చూశానని తెలిసి ఆవిడ తల దించుకుంది. "అంటుకోదట," అన్నాను. నాకే వినబడలేదు.

మాసమ్మ నా చేతిని కళ్ళ దగ్గరికి లాక్కుని, ఒక్కో వేలూ తడిమింది.

"గోర్లా? గోర్ల కోసం నన్ను ఇంతమందిల ఆగం జేసినవ్ గదనే!"

ఎవరో కిసుక్కుమన్నారు. రచన మొహం ఎర్రబడింది. మాసమ్మ ముందు చతికిలబడి, "తప్పయింది బాపమ్మా," అంటూ ఆమె చేతులు పట్టుకుంది. పెళ్ళికని అతికించుకున్న పొడుగాటి గోళ్ళు గుచ్చుకున్నాయి కాబోలు, ఆమె ఉలిక్కిపడింది.

"ఇవేందే? వీటితోని పొలం దున్నొచ్చు. నువ్వు మాత్రం పిండి కాడికి రాకు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో మాసమ్మ నా బొటనవేలు మళ్ళీ తడిమింది.

"కిందంత మంచిగనే వచ్చింది. ఈ కొస ఎందుకు ఉంచినవ్? అండ్ల పిండి ఇరుకుతది. తీసెయ్యి."

ఇవాళ తీయకూడదని అనబోయాను. కానీ బుధవారం. ముహూర్తం చూసి పెట్టుకున్న మంచిరోజు. చెప్పడానికి వారమూ లేదు, అమావాస్యా లేదు. ఎందుకు ఉంచానో అంతమందిలో ఎలా చెప్పను?

రచన నెయిల్ కట్టర్ తెచ్చిచ్చింది. పిట్టగోడ మూలకు వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాను. మొదట చూపుడువేలు. తర్వాత బొటనవేలు. పసుపురంగు ముక్కలు రెండు, నెలవంకల్లా. శుభం జరిగే ఇంట్లో గోరు పడకూడదు కదా. కాగితం కోసం చూడలేదు. కొంగు కొసన మూట కట్టుకున్నాను.

చేతులు కడిగి తుడుచుకుని వచ్చి బట్ట దగ్గర కూర్చున్నాను. గిన్నె జరుపుకున్నావిడే పిండి ముద్ద తీసి నా చేతిలో పెట్టింది. కొత్త గోరు మెత్తగా ఉంది. పిండి చల్లగా తగిలింది. ఇన్నాళ్ళయింది, రాదేమో అనుకున్నాను. వేళ్ళు వాటి పని మరిచిపోలేదు. ఒక చుట్టు, దాని మీద ఇంకొకటి.

"తెగిందా?" అని మాసమ్మ మూలనుంచి కేకేసింది.

"తెగలే, చిన్నత్తా."

తెగలేదు. నాకు సంతోషమేసింది. ఆయన లేకుండా సంతోషమేసింది. కొంగు ముడి ఒళ్ళో ఉండగానే. తలెత్తితే మొహంలో కనబడుతుందని, తల వంచుకుని ఇంకో చుట్టు వేశాను.