శౌరయ్య సాదా కళ్ళజోడు

శౌరయ్య పోయాక ఆయన వస్తువుల్లో ఎవరు ఏది అడిగినా భార్య తెరేసమ్మ ఇచ్చేసింది, కళ్ళజోడు తప్ప. ఇచ్చినా అది ఎవరికీ పనికొచ్చేది కాదు. పెట్టుకుని చూసినవాళ్ళకు లోకం ఎప్పటిలాగే కనిపించేది. అది ఉత్త సాదా అద్దం. బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నాడు. "పవర్ ఎంత కావాలండీ?" అని అమ్మేవాడు అడిగితే, "పవర్ వద్దయ్యా, ఫ్రేము మటుకు పెద్దమనిషి తరహాగా ఉండాల" అన్నాడట.

భవానీపురం గుళ్ళో ఆదివారం పూజకు మొదటి బైబిలు పఠనం ఎన్నో ఏళ్ళుగా శౌరయ్యదే. ఆయన లేచి, పీఠం దగ్గరకు నడిచి, జేబులోంచి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, పుస్తకం తెరిచేసరికి ఏడుస్తున్న పిల్లలు కూడా ఊరుకునేవాళ్ళు. గొంతు అలాంటిది. ప్రవక్తల పేర్లు ఆ నోట్లోంచి వస్తుంటే వాళ్ళంతా విద్యాధరపురం సెంటర్లో రోజూ కనపడే మనుషుల్లా అనిపించేవారు.

ఇంతా చేసి ఆ పుస్తకంలో ఆయనకు ఒక్క అక్షరం కనిపించేది కాదు.

నలభై దాటాక మొదలైంది. కంటి వెనక నరం ఎండిపోతోందనీ, అద్దాలతో బాగయ్యేది కాదనీ డాక్టరు చెప్పిన రోజు శౌరయ్య ఇంటికొచ్చి, "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాల" అన్నాడు.

"మీ కళ్ళకి కూడా చెప్పనులెండి" అంది తెరేసమ్మ.

అప్పట్నుంచి శనివారం సాయంత్రం ఆవిడ కుట్టు మిషను పక్కకు జరిపి పఠనం చదివేది, ఆయన వినేవాడు. రెండు సార్లు వింటే చాలు, కామాలతో సహా పట్టేసేవాడు. ఆ ఇంట్లో ఉన్న పుస్తకమూ గుళ్ళో ఉన్న పుస్తకమూ ఒకే అచ్చు. అందుకని ఆవిడ ఏ మాట దగ్గర వేలు తడుపుకుని పేజీ తిప్పిందో, మర్నాడు గుళ్ళో ఆయనా సరిగ్గా ఆ మాట దగ్గరే వేలు తడుపుకుని పేజీ తిప్పేవాడు. కమిటీలో పాల్ అని ఒక రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఉండేవాడు. ఆ పీఠం మీద ఆయనకు చాలాకాలంగా కన్ను. శౌరయ్య ఎప్పుడు తడబడతాడా అని ముందు వరసలో కూర్చుని, తన సొంత పుస్తకం తెరిచి, గీత గీతకూ వేలు పెట్టి చూసుకునేవాడు. అదీ అదే అచ్చు. పాపం, ఆ వేలుకు ఏనాడూ పని పడలేదు.

ఆటోనగర్‌లో పనిచేసే చోటా ఇదే తంతు. బసవయ్య గారి స్పేర్ పార్టుల కొట్లో ఏ బేరింగు ఏ అరలో ఉందో, ఏ పెట్టెకు మూత వదులో శౌరయ్య చేతికి తెలుసు. బసవయ్య ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. ఆయన పోయాక కొడుకు హర్షవర్ధన్ కొట్లోకొచ్చి, అరలన్నీ కొత్తగా సర్దించి, కంప్యూటరు పెట్టాడు. తెరమీద నంబరు చూసి సరుకు తియ్యాలన్నాడు.

"నంబరు చూడ్డానికి నువ్వున్నావు గదా బాబూ, తియ్యడానికి నేనున్నాను. ఇద్దరం ఒకే పని చేస్తే ఎట్టా?" అన్నాడు శౌరయ్య.

ఆ మాట కొన్నాళ్ళు ఆడింది. తర్వాత ఒక లారీ వాడికి శౌరయ్య బ్రేకు సామాను బదులు మరేదో ఇచ్చి పంపేసరికి హర్షవర్ధన్ శాలువా కప్పి, స్వీట్ల పెట్టె చేతిలో పెట్టి, ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు. కొట్లో పీఎఫ్ లాంటివేమీ లేవు. వృద్ధాప్య పెన్షనుకు వయసు చాలదు. తెరేసమ్మ జాకెట్లు కుట్టిన డబ్బులు అద్దెకే సరి. మిగిలింది దివ్యాంగుల పెన్షను. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. కళ్ళు కనపడవని సర్కారు డాక్టరు రాసివ్వాలి.

"రాసిస్తే అందరికీ తెలుస్తది" అన్నాడు శౌరయ్య.

"రాసివ్వకపోతే పొయ్యికి తెలుస్తది" అంది తెరేసమ్మ.

ఆ రెంటి మధ్యా ఆయన నలిగిపోయాడు. పెన్షను వస్తే పీఠం పోతుంది. రేపు పాల్ ఆ పుస్తకం ముందు నిలబడి ముక్కుతో చదవడం, తాను వెనక బెంచీలో కూర్చుని వినడం తల్చుకుంటే అన్నం దిగేది కాదు. అయితే అన్నం దిగకపోవడానికి ముందు అన్నమంటూ ఉండాలి గదా అని తెరేసమ్మ ఆయన్ను బయల్దేరదీసింది.

వార్డు సచివాలయంలో మీసేవకు వెళ్ళమన్నారు. మీసేవలో స్లాట్లు అయిపోయాయన్నారు. బయట టీ కొట్టు దగ్గర ఒకడు తగులుకుని, "వైకల్యం ఎంత శాతం కావాలో చెప్పండి గురూగారూ, అంతా వేయించి పెడతా" అన్నాడు. ఈ పద్ధతి శౌరయ్యకు బాగా నచ్చింది. డాక్టరుకు కనబడకుండా గుడ్డివాడయ్యే సదుపాయం! తెరేసమ్మ ఆయన రెక్క పట్టుకుని ఛాయాదేవి ఇంటికి లాక్కుపోయింది.

ఛాయాదేవి ట్రెజరీలో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైంది. సాయంత్రమైతే వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళ పెన్షను కాగితాలు చక్కబెట్టేది. ఎవరి దగ్గరా రూపాయి తీసుకునేది కాదు. ఆ లోటు నోటితో తీర్చుకునేది.

"ఎన్నాళ్ళ నుంచండీ కనపడకపోవడం?" అంది.

"పూర్తిగా కనపడకపోవడమేం లేదండీ, కాస్త మసక" అన్నాడు శౌరయ్య, కళ్ళజోడు తీసి తుడుస్తూ.

ఆవిడ ఒక కాగితం అందించింది. "అప్లికేషన్ నింపాను. వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి."

తెరేసమ్మ ఏదో అనబోతే ఛాయాదేవి కళ్ళతోనే ఆపేసింది. శౌరయ్య కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని దగ్గరగా, దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ కిందిదాకా చూశాడు.

"అంతా కరెక్టండీ. నాన్నగారి పేరు కూడా చక్కగా రాశారు."

"సంతోషం. అది మా గ్యాస్ బిల్లు" అంది ఛాయాదేవి. "అదీ తిరగేసి పట్టుకున్నారు. శౌరయ్య గారూ, మీకు కళ్ళ జబ్బు కొంచెమే. గొప్పల జబ్బు ముదిరింది. దానికి సర్కారు పెన్షను ఇవ్వదండీ."

తెరేసమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. శౌరయ్యకు కోపం వచ్చింది గానీ, ఎవరి మీద పడాలో తేలక ఇంటికి వచ్చేదాకా రిక్షావాడితో దెబ్బలాడాడు.

ఛాయాదేవి చలవ వల్ల స్లాటు దొరికింది. గవర్నమెంటు ఆస్పత్రిలో కంటి పరీక్ష గది బయట వరస పొడుగ్గా ఉంది. తెరేసమ్మ మజ్జిగ ప్యాకెట్లు తేవడానికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. లోపల ఒక్కొక్కరే గోడ మీది అక్షరాలు చదువుతున్నారు. ఒకాయన రెండు వరసలు చదివి ఆగాడు. ఒకావిడ మూడు. పనిలేని చెవులు శౌరయ్యవి, ఊరుకోలేదు. చివరికి ఒక్క కన్నే పాడైన మనిషెవరో వచ్చి, మంచి కంటితో అట్టడుగు వరస దాకా గడగడా చదివేశాడు. శౌరయ్యకు అది చాలు.

ఆయన లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. "చదవండి" అన్నాడు డాక్టరు.

ఒట్టేసి చెప్పాలంటే, కనపడవని చెబుదామనే కూర్చున్నాడు. కానీ 'చదవండి' అన్న మాట చెవిన పడితే శౌరయ్యకు వేరే సంగతి తెలియదు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, గొంతు సవరించుకుని, పై అక్షరం నుంచి అట్టడుగు చీమ తలకాయంత అక్షరం దాకా గుడి గంట కొట్టినట్టు చదివాడు. చివర్లో, గుళ్ళో అన్నట్టే, "ఇది ప్రభువు వాక్కు" అనబోయి నాలుక్కరుచుకున్నాడు.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఇంత చూపు నాకే లేదండీ. ఎందుకొచ్చారు మీరు?"

బయట తెరేసమ్మ మజ్జిగతో నిలబడి ఉంది. "ఏమైంది? ఏమడిగారు?"

"చదవమన్నారు. ఒక్క తప్పు లేకుండా చెప్పేశా!" అన్నాడు శౌరయ్య, మొహం వెలిగిపోతూ. ఆ వెలుగు ఆయన మొహం మీద గేటు దాకా ఉంది. గేటు దగ్గర అసలు సంగతి తట్టింది. రెండు ప్యాకెట్ల మజ్జిగా తెరేసమ్మే తాగేసింది.

అప్పీలు కాగితం ఛాయాదేవి రాసింది. రాస్తున్నంతసేపూ నవ్వింది. "నా సర్వీసులో తప్పుడు గుడ్డివాళ్ళని చూశాను గానీ, తప్పుడు చూపున్నవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా. ఈసారి నేనూ వస్తా."

రెండోసారీ అదే ఆస్పత్రి, అదే వరస, అదే తెరిచిన తలుపు. శౌరయ్య చెవులు అలవాటు కొద్దీ అటు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఛాయాదేవి తన ఆడపడుచు కంచిపట్టు చీర కథ అందుకుంది. ఎంత గట్టిగా అంటే వరసంతా వినాల్సి వచ్చింది. చీర ఇంద్రకీలాద్రి మెట్ల మీద తడిసింది, రంగు వదిలింది, కొట్టువాడితో గొడవయింది, ఆ గొడవలో మరిది తల దూర్చాడు.

"అమ్మా, ఒక్క నిమిషం..." అన్నాడు శౌరయ్య, లోపలి అక్షరాల కోసం మెడ సాచి.

"ఆగండి, అసలు కథ ఇప్పుడే ఉంది" అంది ఛాయాదేవి.

చీర కథ తెమలకుండానే పిలుపొచ్చింది. ఈసారి డాక్టరమ్మ. లోపల నిశ్శబ్దంగా ఉంది. అక్షరాల అట్ట కూడా వేరేదని ఎవరో అనుకోవడం వినబడింది.

"చదవండి తాతగారూ."

చెయ్యి జేబులోకి పోయింది. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఏదో ఒక అక్షరం అనొచ్చు. అంటే ఒకటో రెండో తగలొచ్చు కూడా. గుమ్మం దగ్గర తెరేసమ్మ ఊపిరి బిగబట్టడం ఆయనకు వినిపించింది. రాత్రుళ్ళు సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా ఆవిడ అలాగే బిగబడుతుంది.

"అక్కడ గోడ ఉందమ్మా" అన్నాడు చివరికి. "దాని మీద ఏదో ఉందని మీరంటన్నారు. పెద్దవాళ్ళ మాట, కాదంటానా."

డాక్టరమ్మ నవ్వి, లైటు వేసి రెండు కళ్ళూ చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇందులో పవరే లేదే?"

"ఉందమ్మా. గుళ్ళో పనిచేస్తది."

సర్టిఫికెట్‌లో డెబ్బై అయిదు శాతం పడింది. బళ్ళో ఏనాడూ నలభై దాటనివాడు గనక, శౌరయ్య ఆ సంగతి డిస్టింక్షన్ వచ్చినట్టు ఛాయాదేవికి ఫోను చేసి చెప్పాడు.

సంబరం ఒకటో తారీకు దాకానే. ఆ పొద్దున సచివాలయం ఉద్యోగి వీధి మొదట్లో నిలబడి, "దివ్యాంగుల పెన్షను, కంటిచూపు, శౌరయ్య గారి ఇల్లెక్కడండీ!" అని కేకేశాడు. దారి చెప్పింది పాల్. దగ్గరుండి తీసుకొచ్చాడు కూడా.

"కంటిచూపా?" అన్నాడు గుమ్మంలో నిలబడి. "మరి ఇన్నాళ్ళూ గుళ్ళో... సర్లెండి. పెద్దవారు, మీకెందుకు శ్రమ. ఈ ఆదివారం పఠనం నేను చూసుకుంటాగా."

శౌరయ్య డబ్బు తెరేసమ్మ చేతిలో పెట్టాడు. "ఈ ఆదివారం వంతు నాదే పాల్ గారూ. మీరు వచ్చి వరసగా చూసుకోండి, ఎప్పట్లాగే."

శనివారం తెరేసమ్మ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవనా అంటే వద్దన్నాడు.

ఆదివారానికి కబురు గుడంతా పాకింది. శౌరయ్య లేచాడు. పీఠం దగ్గరకు నడిచాడు. చెయ్యి జేబులోకి పోలేదు. తెరిచి ఉన్న పుస్తకాన్ని తడిమి, మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి, పఠనం మొదలుపెట్టాడు. ముందు వరసలో కాగితం గరగరలాడింది. పాల్ వేలు గీతల మీద పరుగెత్తుతోందన్నమాట. ఒక పేరు, ఇంకో పేరు, ఒక పొడుగాటి వాక్యం, ఏదీ తప్పలేదు. సగం దాటాక శౌరయ్య ఉన్నట్టుండి ఆగాడు.

ఫాదర్ గారు తలెత్తారు. పాల్ బెంచీ కిర్రుమంది, సగం లేచాడు కాబోలు.

"కూర్చోండి పాల్ గారూ, మర్చిపోలేదు" అన్నాడు శౌరయ్య. "అక్కడ పేజీ తిప్పుకోవాల. మీ కోసమే ఆగాను."

వెనక బెంచీలో తెరేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాగితం తిరిగిన చప్పుడు వినిపించేదాకా ఆగి, శౌరయ్య మిగతాది అందుకున్నాడు.