ఫైట్ ఉందంటే వానే

సినిమావాళ్ళు ఆమెకు తన్నులక్క అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవారు. తర్వాత ఎదురుగానే పిలిచారు, ఆమె కూడా పలికింది.

ఆమె మేనమామ ఒక సైకిల్ షాపు పైన, రేకుల హాల్లో కరాటే నేర్పేవాడు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే తల్లి, ఇంట్లో పిల్ల ఒక్కతే ఎందుకని డ్యూటీకి పోతూ ఆ హాల్లో దింపేది. మూల కూర్చుని చూసీ చూసీ ఒకరోజు పిల్ల లేచి తన్నడం మొదలుపెట్టింది. పెద్దయ్యేసరికి, తనకన్నా జానెడు పొడుగున్నవాడి చెవి దాకా కాలు పోనిచ్చి వెంట్రుకవాసిలో ఆపగలిగేది.

"తగిలేలా తన్నడం ఎవడికైనా వస్తుందే. ఆపడం చూపించు నాకు," అనేవాడు మామ.

ఆ ఆపడమే ఆమెను సినిమాల్లోకి లాక్కెళ్ళింది. ఆ రోజుల్లో హీరోయిన్ ఎవణ్ణయినా తన్నాలంటే, విగ్గు పెట్టుకున్న మగ డూపు తన్నేవాడు. ఒకసారి ఆ డూపు మీసం తీయనని మొండికేశాడు. ఫైట్ మాస్టర్ తలపట్టుకుని మామకు కబురు పెట్టాడు. డూపు చెమటతో తడిసి కంపుకొడుతున్న విగ్గునే తెచ్చి ఈమె నెత్తిన తగిలించారు. అయినా ఒక్క టేకులో ముగించింది. అది చూసిన నిర్మాత, "మొహం కూడా బాగానే ఉందే, దాచడమెందుకు?" అన్నాడు. అలా హీరోయిన్ అయింది.

మొదటి సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్ళారు. నెల రోజులు సాధన చేసిన తన్ను కోసం ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. తెరమీద వాన మొదలైంది. కాలు లేచింది. అది ఎవడికి తగిలిందో, ఎక్కడ ఆగిందో కనబడలేదు. కెమెరా ఆమె తడిసిన బట్టలను నాకుతున్నట్టు కిందినుంచి పైకి పాకింది. హాలంతా ఈలలు. పక్క సీట్లో తల్లి, ఏదో పోయినట్టు హ్యాండ్‌బ్యాగులో వెతుక్కుంటూ కూర్చుంది. మామ బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు.

"ఆ తన్నెక్కడికి పోయిందే?" అని ఇంటికొచ్చాక అడిగాడు.

రెండో సినిమాలో ఆమె నిర్మాతను నిలదీసింది.

"గోడౌన్ లోపల ఫైట్ కదండీ, వానెందుకు?"

"రేకులకు చిల్లు పడిందనుకో."

అందరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఫైటంటే పైపు పగిలేది. బ్యాంకులో ఫైటంటే నిప్పంటుకుని ఫైరింజన్ వచ్చేది. ట్యాంకర్ నీళ్ళు నాచు కంపు కొట్టేవి. ఇంటికొచ్చి చర్మం ఎర్రబడేదాకా రుద్దుకునేది. కంపు వదిలేది గానీ, ఒంటిమీద ఎవరివో చూపులు జిగురులా అంటుకునే ఉన్నట్టుండేది.

ఫైట్‌లో కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పేది ఫైట్ మాస్టరేనని గమనించాక, ఆమె నటన మానేసి ఒక ముసలి మాస్టర్ దగ్గర అసిస్టెంటుగా చేరింది. "హీరోయిన్ అసిస్టెంటవడమేంటే, మతిగాని పోయిందా?" అని తల్లి మొత్తుకుంది. ఏళ్ళు గడిచి తానే మాస్టర్ అయింది. ఎవరు ఎవర్ని ఎందుకు కొడుతున్నారో ఆమె ఫైట్లలో పిల్లలకు కూడా అర్థమయ్యేది. ఫైటర్లు దెబ్బల్లేకుండా ఇళ్ళకు చేరేవారు.

ఒకరోజు పాత నిర్మాత కొడుకు పిలిచాడు. కొత్తమ్మాయి హీరోయిన్, డాన్స్ నుంచి వచ్చింది, ఫైట్లు నేర్పాలి.

"వాన ఉండకూడదు," అంది తన్నులక్క.

"అబ్బే, మా నాన్నగారి కాలం కాదక్కా ఇది."

అయినా నమ్మకం చాలక, ఫైట్‌ను ప్రింటింగ్ ప్రెస్సులో, కాగితం రీళ్ళ మధ్య పెట్టింది. కాగితం దగ్గర నీళ్ళెవడు పోస్తాడు? కొత్తమ్మాయి ఆ సైకిల్ షాపు పైన హాల్లోనే పడుతూ లేస్తూ నేర్చుకుంది. షూటింగ్ రోజున ఆ పిల్ల కాలు విలన్ దవడ పక్కన ఆగితే లైట్‌బాయ్‌లు కూడా చప్పట్లు కొట్టారు.

ప్రివ్యూలో అదే ఫైట్ వచ్చింది. కాలు లేచింది. వెంటనే నీళ్ళు కారుతున్న నడుము, వీపు, మళ్ళీ నడుము.

"అక్కా, అది నేను కాదు," అని కొత్తమ్మాయి చీకట్లో ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ నడుము నాది కాదక్కా."

తన్నులక్కకు నోట్లో చేదు నీళ్ళూరాయి. బాత్రూంలోకి పరుగెత్తి తిన్నదంతా కక్కేసింది. మొహం కడుక్కుని బయటికొస్తే నిర్మాత కొడుకు సమోసా తింటూ, వేళ్ళు నాక్కుంటూ ఎదురయ్యాడు.

"ఎవరా పిల్ల?"

"ఏ పిల్ల? ఓ, నడుమా? ఎవరో జూనియర్ ఆర్టిస్టు, పేరు గుర్తులేదు. మీ మాట తప్పలేదు చూడండక్కా. మీరు తీసిన దాంట్లో చుక్క నీళ్ళు పడలేదు." నవ్వుతూ, నూనె చెయ్యి చాచాడు.

ఆమె ఆ చెయ్యి ముట్టుకోలేదు. "టైటిల్స్‌లో నా పేరు తీసెయ్."

"తీస్తే మిమ్మల్నెవరు పిలుస్తారు?"

"తీసెయ్యి."

తీసేశాడు. సినిమా బాగా ఆడింది. ఎదురైన ప్రతివాడూ "ఫైట్ అదరగొట్టావక్కా" అంటుంటే ఆమెకు ఒళ్ళు జలదరించేది. పొగరుబోతు అనే మాట పాకింది. పెద్ద సినిమాలు ఆగిపోయాయి, చిన్నవాటితోనే నెట్టుకొస్తోంది.

ఆ నడుము పిల్లను మాత్రం కాస్ట్యూమ్స్ ఆవిడ ద్వారా వెతికి పట్టుకుంది. కడిగేద్దామనే వెళ్ళింది. తలుపు తీసిన మనిషి, చెవిలో దూది పెట్టుకుని ఉంది.

"మొహం కనబడదన్నారక్కా, హమ్మయ్య అనుకున్నా. నీళ్ళు చెవిలోకి పోయాయి. అప్పట్నుంచి చీము కారుతోంది."

"పద, చెప్పులేసుకో," అంది తన్నులక్క. ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. వరండాలో టీవీలో అదే సినిమా. అదే ఫైట్. రోగులంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఒకాయన పక్కవాడిని మోచేత్తో పొడిచి ఏదో గొణిగాడు. ఇద్దరూ ఇకిలించారు. చెవినొప్పి మనిషి తల దించుకుని పైట సర్దుకుంది.

తన్నులక్క లేచి టీవీ కట్టేసింది.

"ఏంటమ్మా, చూస్తున్నాం కదా!" అన్నాడు పొడిచినాయన.

"చూసింది చాల్లే," అని ఆమె వచ్చి తన కుర్చీలో కూర్చుంది.