గొర్రెలు చెప్పులైన రోజు

మార్కాపురంలో పలకల గోడౌన్ పైన రెండు గదులు అద్దెకు తీసుకుని మా సార్ గేముల కంపెనీ పెట్టాడు. అంతకు ముందు గిద్దలూరులో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేవాడు. జన్మలో ఒక్క గేమూ ఆడినవాడు కాదు గానీ, గేము ఎలా ఉండాలో ఆయనకు తెలిసినంతగా చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఆ మాట కూడా ఆయనే చెప్పేవాడు. ప్రోగ్రాం రాసేదాన్ని నేనొక్కదాన్నే.

మా మొదటి గేము గొర్రెల కాపరిది, ఫోనులో ఆడేది. మేపాలి, సంతలో కొనాలి, అమ్మాలి. ఆటగాడికి ఒక సంచి ఉంటుంది. వాడి ఆస్తంతా అందులోనే, గొర్రెలతో సహా. గొర్రెలు సంచిలో ఎలా పడతాయని అడిగితే సార్ "అది విజన్" అన్నాడు.

ఆట ఆపి మళ్లీ తెరిస్తే సంచిలో సరుకు ఉన్నది ఉన్నట్టు ఉండాలి. అందుకని ఆపినప్పుడు ప్రతి వస్తువు పేరూ, ఎన్ని ఉన్నాయన్నదీ దాచేలా, తెరిచినప్పుడు వాటినే చదివి సంచి నింపేలా రాశాను. సార్ నా వెనక నిలబడి చూశాడు.

"ఏందమ్మా ఇది, కిరాణా కొట్టు చీటీ మాదిరి? పెద్ద కంపెనీలు పేర్లు రాస్తాయా? నంబర్లు పెట్టు."

"నంబరంటే మన వస్తువుల పట్టికలో అది ఎన్నోదో అదే కదా సార్. రేపు పట్టికలో పైన కొత్త వస్తువు చేరిస్తే కిందవాటి నంబర్లన్నీ జరుగుతాయి. పాత సంచులు తప్పుగా తెరుచుకుంటాయి."

"పట్టిక ఎందుకు మారతాదమ్మా, నేనుండంగా?"

నంబర్లు పెట్టాను. ఒకటి చెప్పులు, రెండు గొర్రె, మూడు కంబళి.

తర్లుపాడు దగ్గర మా మేనమామ ఉన్నాడు. నిజంగానే గొర్రెలు కాసే మనిషి. ఆడి చూసి చెప్పమని ఆయన ఫోనులో గేము ఎక్కించాను. నిజం గొర్రెలు నీడన పడుకుంటే ఆయన ఫోను గొర్రెలను మేపేవాడు. నిజం మందకు ఏటా ఏదో ఒక రోగం తగిలేది. ఫోను మంద మాత్రం వందల్లోకి పెరిగింది. కంభం సంతకు పోయినా ఫోను తీసి చూపించేవాడు. "ఒక్కదాన్ని గూడా కోతకు అమ్మలా" అని గొప్పగా చెప్పేవాడు.

గేము విడుదలకు సార్ కల్యాణ మండపం మాట్లాడాడు. ముందురోజు ఆఫీసుకు వాస్తు సిద్ధాంతిని పిలుచుకొచ్చాడు. సిద్ధాంతి గదులు చూశాడు, మెట్లు చూశాడు, ఊరుకోక నా కంప్యూటర్లోకి కూడా చూశాడు.

"తొలి వస్తువు చెప్పులా? లక్ష్మి తొడుక్కొని బయటికి పోతాది. ముందు టెంకాయ పెట్టండి."

"చివర్న పెడతాను సార్. మొదట్లో పెడితే సంచులన్నీ చెడతాయి," అన్నాను.

"టెంకాయ వల్ల చెడిపోయిన పని ఒకటి చూపియ్యమ్మా నాకు," అన్నాడు సార్.

సరిచేసేందుకు కాస్త సమయం అడిగితే, ముహూర్తం రేపేనన్నాడు. టెంకాయ ఒకటో నంబరులో కూర్చుంది. కొత్త గేము మామ ఫోనులోకి ఎక్కింది.

మరునాడు ఆడి చూపించడానికి మామ తెల్లచొక్కా వేసుకుని వేదిక ఎక్కాడు. ఆయన ఫోనును పెద్ద తెరకు కలిపారు. "వందల గొర్రెల ఆసామి!" అని సార్ మైకులో కేక పెట్టాడు. మామ సంచి తెరిచాడు.

తెర మీద ఒక టెంకాయ. దాని పక్కన వందల జతల చెప్పులు. చివర్న ఒకే ఒక గొర్రె. అన్నీ ఒక్కో నంబరు జరిగాయి మరి. ఆయన చెప్పులు టెంకాయ అయ్యాయి, మందంతా చెప్పులైంది, కంబళి గొర్రె అయింది.

"మందనంతా కోసి చెప్పులు కుట్టించినావా మామా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మండపం గొల్లుమంది.

"ఒక్కదాన్ని గూడా కోయలేదు నేను!" మామ జనంలో నాకోసం వెతికాడు. "పాపా, నా గొర్రెలు ఏడబోయినాయి?"

నేను లేచేలోపే సార్ మైకు అందుకున్నాడు. "చూసినారా! గొర్రెల కాపరి చెప్పుల ఫ్యాక్టరీ ఓనరయినాడు! ఇదే మా గేము సందేశం!"

చప్పట్లు మోగాయి. ముందు వరుసలోని పెద్దమనిషి ఒకాయన లేచి సార్‌కు శాలువా కప్పాడు. మామ మైకు లాక్కోబోతే, ఆయనకూ ఒక శాలువా కప్పి మర్యాదగా కిందికి దింపేశారు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

తర్వాత ప్రతి వస్తువుకూ ఎప్పటికీ మారని పేరు పెట్టాను. పాత సంచి కనిపిస్తే పాత పట్టిక ప్రకారమే చదివి, పేర్లలోకి మార్చి దాచేలా రాశాను. దానికి సార్ "నా ముందుచూపు" అని పేరు పెట్టుకున్నాడు. టెంకాయను మాత్రం కదల్చనివ్వలేదు.

సరిచేసిన గేము ఎక్కించడానికి నేనే తర్లుపాడు వెళ్లాను. మంద తిరిగొచ్చింది. మామ తెరను వేలితో జరుపుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు.

"అన్నీ వచ్చినాయి. ఆ ఒక్కటేది?"

"ఏది మామా?"

"ఆ పొద్దు మిగిలింది. ఇన్ని దినాలు దాన్నే మేపుకుంటి గదా."

"అది గొర్రె కాదు మామా, నీ కంబళి. నంబరు జరిగి అట్ల కనబడింది."

"కంబళి గడ్డి తింటాదా పాపా? నా కళ్లారా చూసినా. తినింది."

ఆయన సంచిలో నేనే ఇంకో గొర్రెను చేర్చి చూపించాను. మామ దాన్ని కాసేపు చూశాడు.

"ఇది అది కాదులే," అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.