కోరలున్న పాముకే పూజ

యాభైల చివర్లో మాట. ధర్మవరంలో మా అత్తవారి వీధికి ఏటా శ్రావణంలో, మా వైపు అప్పుడే వచ్చే నాగుల చవితికి, పాములాయన వచ్చేవాడు. ఆ పూట మగ్గాలు ఆగేవి. ఆయన అరుగు ముందు బుట్ట దించి మూత తీసేవాడు. పాము పడగ విప్పగానే ఆడవాళ్లు పాలు, చలిమిడి పట్టుకుని చుట్టూ చేరేవారు. పాము పాలు తాగితే నాగేంద్రుడు తాగినట్టే లెక్క. పది రోజులు నీళ్లు లేకుండా ఎండగడితే ఏ ప్రాణమైనా ఏదిస్తే అది తాగుతుందని మాలో ఎవరికీ తట్టలేదు.

నేను మడకశిర వైపు నుంచి వచ్చిన కోడల్ని. రెండు కడుపులూ నిలవలేదు. నాగదోషమని మా అత్త తేల్చేసింది. ఆమె చెడ్డ మనిషేం కాదు, పొద్దు లేస్తే అదే మాట ఎత్తడం తప్ప. దానికి తోడు రెండేళ్లుగా వానల్లేవు. బావిలో బొక్కెన వేస్తే సగం బురదే వచ్చేది. వాన పడకపోయినా నాగేంద్రుడి కోపమే, నా కడుపు పండకపోయినా ఆయన కోపమే.

ఆ ఏడు చవితికి ఇంకా పదిహేను రోజులుందనగా పాములాయన ఓసారి వచ్చి బుట్ట తెరిచాడు. వంగి చూశాను. పాము నోరు ఒక పక్క వాచిపోయి, చీము కట్టి ఉంది.

"ఏమైనాదప్పా దానికి?" అన్నాను.

"కోరలు పీకినాం కదమ్మా. పుండు పడినాది. ఇంగొక నెల బతుకుతాదేమో," అన్నాడు ఏమీ దాచకుండా.

జాలి పడ్డానని రాసుకుంటే బాగుండేది. కానీ నాకు వచ్చింది కోపం. చెయ్యి విరిగిన విగ్రహాన్ని గుళ్లో ఉంచరు, చిత్రావతి ఏట్లో వదిలేస్తారు. కోరలు లేని పాముకు మొక్కితే ఫలం ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్నేళ్లూ విరిగిపోయిన దేవుడికి పాలు పోశామన్నమాట. మనసులో ఉంచుకోకుండా అందరి ముందూ అనేశాను. అరుగు మీది ఆడవాళ్లంతా ఔనన్నారు. నేనేం మాట్లాడినా మూతి తిప్పే మా అత్త కూడా, "నా కోడలు చెప్పినాది నిజమే కదా," అంది. ఆ మెప్పు నాకు ఎంత తీపిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

"చవితికి కోరలుండే పామునే తీసుకోని రా. లేకుంటే ఈ వీధికే రావద్దు," అన్నాను.

వెనక నిలబడ్డ ఆయన భార్య ముందుకొచ్చింది. కోరలు పీకేది ఆమేనట. "వద్దమ్మా. కొత్త పాము మాట యినదు. ఇంతమందిని చూస్తే బెదురుతాది," అంది. ఆయన ఆమెను ఆగమని సైగ చేసి, సరేనన్నాడు. కరువు రోజుల్లో ఒక వీధి పోతే వాళ్ల పొయ్యి వెలగదని నాకు తెలియక కాదు. తెలిసే అన్నాను.

చవితి నాడు నిగనిగలాడే నాగుపామును తెచ్చాడు. "దూరంగా నిలబడండమ్మా. పాలు ఈడ పెట్టి పోండి. దాని మీద మాత్రం ఏమీ చల్లొద్దండి," అని రెండుసార్లు చెప్పాడు. అందరూ విన్నారు. నేను వినలేదు. ఇంత పట్టుబట్టి రప్పించుకున్న స్వామికి కుంకుమైనా పెట్టకుండా ఎలాగని, గుప్పెడు తీసి పడగ మీదికి చల్లాను. అది కళ్లలో పడింది. రెప్పల్లేని ప్రాణి, ఎలా మూసుకుంటుంది? తల విదిలించి నా వైపే దూకింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

కాటు పడ్డాక కూడా నవ్వాడు. మణికట్టుకు పైన గుడ్డ బిగించి, సంచిలోంచి ఏదో వేరు తీసి నమిలాడు. "ఏం కాదులే తల్లీ. పాపం, దాని కండ్లు కడగండి," అన్నాడు. ఎవరమూ దగ్గరికి పోలేదు. ఆయన భార్యే దాన్ని బుట్టలోకి తోసి మూత వేసింది. ఆయన రెప్పలు వాలిపోయేదాకా అందరం ఆ వేరునే నమ్ముకున్నాం. అప్పుడు అనంతపురం ఆసుపత్రికని బస్సెక్కించారు. దారిలో బత్తలపల్లె రాకముందే ప్రాణం పోయింది.

మర్నాడు ఆయన భార్య, అరుగు ముందే వదిలిపోయిన బుట్ట కోసం వచ్చింది. నిన్న మొక్కిన పామును ఈరోజు చంపుతామని మగవాళ్లు కర్రలు తీశారు. ఆమె అడ్డం నిలబడింది. "దాని తప్పేముండాది? కండ్లు మండితే మనం మాత్రం ఊరికే ఉంటామా?" అంది. నన్ను చెంబెడు నీళ్లు అడిగి తీసుకుని, కుంకుమ పోయేదాకా పాము తల మీద పోసింది. తర్వాత గుట్ట వైపు తీసుకుపోయి వదిలేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. జుట్టు పట్టుకుని కొట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మరుసటి శ్రావణానికి నా ఒళ్లో రెండు నెలల కూతురు. పూజ ఫలించిందని మా అత్త వీధంతా చెప్పుకుంది. ఆ మాట ఎత్తినప్పుడల్లా నేను పాపను తీసుకుని లోపలికి పోయేదాన్ని.

చవితి నాడు పాములాయన భార్య ఒక్కతే బుట్ట మోసుకుని వచ్చింది. నుదుట బొట్టు లేదు. పాముకు కోరలున్నాయా అని వీధిలో ఒక్కరూ అడగలేదు. ఆమె మూత తీయగానే నేను పాపను గుండెకు అదుముకుని వెనక్కి జరిగాను. అది ఆమె చూసింది.

"భయపడొద్దమ్మా. నిన్ననే పీకినాను," అని పాము దవడలు నొక్కి నోరు తెరిచి నాకు చూపించింది. పైన రెండు గుంటలు. నెత్తురు ఇంకా ఆరలేదు.

"ఇట్లుంటే సరేనా తల్లీ?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

సరేనని తలూపాను.